70 జీఎస్‌ఎమ్ అని చెప్తే చాలదు

మన ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ప్రచురణ వివరాల పేజీ అడుగున ఓ చిన్న వాక్యం ఏళ్ల తరబడి అచ్చవుతూ వచ్చింది. లోపలి కాగితం 70 జీఎస్‌ఎమ్ (చదరపు మీటరుకు 70 గ్రాములు) ఎస్.ఎస్. మ్యాప్‌లితో, అట్ట 200 జీఎస్‌ఎమ్ వైట్ ఆర్ట్ కార్డ్ అని దాని సారాంశం. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల్లో అదే చోట 80 జీఎస్‌ఎమ్, వాటర్‌మార్క్ ఉన్న కాగితం అని ఉంటుంది. కాగితాన్ని సరిగ్గా పేర్కొనడమంటే ఇలాగే: బరువు చెప్పాలి, రకం చెప్పాలి, ఉపరితలం ఎలా తయారైందో చెప్పాలి. విజయవాడలో సొంత ఖర్చుతో పుస్తకం వేసుకునేవాళ్లు చాలామంది గవర్నర్‌పేటలో ప్రెస్ మెట్లెక్కి "సెవెంటీ జీఎస్‌ఎమ్ వెయ్యండి" అని ఒక్క మాట చెప్పి వచ్చేస్తారు. ఆ ఒక్క మాట మీద కనీసం నాలుగు రకాల కాగితం రావచ్చు. ఆ నాలుగింటి మీదా అచ్చయిన పుస్తకాలు చేతిలోకి తీసుకుంటే నాలుగు వేర్వేరు పుస్తకాల్లా ఉంటాయి.

ఇక్కడ చెప్పేదంతా పూత లేని కాగితం గురించే. ఆర్ట్ పేపర్, మ్యాట్ ఆర్ట్ లాంటివాటి మీద చైనా క్లే, కాల్షియం కార్బొనేట్ కలిపిన పూత ఉంటుంది; అక్కడ సిరా ఆ పూత మీదే నిలుస్తుంది. పూత లేని కాగితంలో సిరా నేరుగా పీచుల మధ్యకు దిగుతుంది. పుస్తకాలు, నోట్సులు, లెటర్‌హెడ్లు, రసీదు పుస్తకాలు, జవాబు పత్రాలు, ఏ4 రీములు అన్నీ ఈ కోవలోవే.

బజార్లో దొరికే రకాలు

క్రీమ్‌వోవ్ అన్నింటికంటే చవక. ఎక్కువగా 50 నుంచి 60 జీఎస్‌ఎమ్ మధ్య దొరుకుతుంది. చాలావరకు చెరకు పిప్పి, గోధుమ గడ్డి, పాత కాగితం గుజ్జుతో చిన్న మిల్లులు చేస్తాయి. గైడ్లు, ఫారాలు, రసీదు పుస్తకాలు, చవక నోట్సులకు ఇదే వాడతారు. సిరా పీల్చుకోవడం ఎక్కువ, తెల్లదనం తక్కువ, ఒక లాటుకీ ఇంకో లాటుకీ రంగులో తేడా వస్తుంది. ఆరు నెలలు వాడి పారేసే పుస్తకానికి క్రీమ్‌వోవ్ వెయ్యడంలో తప్పేమీ లేదు. నవలకు మాత్రం వద్దు.

మ్యాప్‌లితో పుస్తకాల కాగితం. రసాయనాలతో ఉడికించి, చెక్కలో పీచుల్ని అంటిపెట్టే లిగ్నిన్ తీసేసిన గుజ్జుతో తయారవుతుంది. ఇందులో ఎస్.ఎస్. అంటే సర్ఫేస్ సైజ్డ్. కాగితం మిషన్ మీద దాదాపు ఆరాక రెండు వైపులా పల్చని స్టార్చ్ ద్రావణం పట్టించి మళ్లీ ఆరబెడతారు. ఆఫ్‌సెట్ ముద్రణ మిషన్ మీద నడిచే కాగితానికి ఇది చాలా అవసరం. ఎందుకో కింద చెప్తాను. మ్యాప్‌లితోలోనే నేచురల్ షేడ్ అని లేత మీగడ రంగులో వచ్చేది సాహిత్య పుస్తకాలకు బాగా నప్పుతుంది.

బాండ్, ఎగ్జిక్యూటివ్ బాండ్ లెటర్‌హెడ్లకు, సర్టిఫికెట్లకు. గట్టిగా ఉంటాయి, మడత పెట్టినా తొందరగా చిరగవు, కొన్నిటిలో వాటర్‌మార్క్ ఉంటుంది. లెడ్జర్ పేపర్ లెక్కల పుస్తకాలకు. పెన్ను సిరా పాకకుండా, చెరిపినా పైపొర లేచిపోకుండా గట్టిగా సైజింగ్ చేస్తారు. లెక్కలు కంప్యూటర్లోకి వెళ్లాక దీని అమ్మకం తగ్గింది. కాపియర్ పేపర్ తేమను అదుపులో పెట్టి, వేడి తగిలినా ముడుచుకోకుండా చేసిన రకం. దాన్ని ఆఫ్‌సెట్ మీద కూడా వెయ్యొచ్చు. మామూలు మ్యాప్‌లితోను ఏ4గా కోసి లేజర్ ప్రింటర్లో పెడితే మాత్రం ముడుచుకోవడం, ఇరుక్కోవడం, దుమ్ము రాలడం ఎక్కువ.

మన కాగితం ఎక్కడినుంచో వచ్చిపడేది కాదు. నందిగామ చుట్టుపక్కల, పల్నాడు, ప్రకాశం మెట్ట భూముల్లో రైతులు వేసే సుబాబుల్, జామాయిల్, కోస్తా ఇసుక నేలల్లో పెరిగే సరుగుడు పేపర్ మిల్లులకే వెళ్తాయి. రాజమండ్రిలో ఆంధ్రా పేపర్, భద్రాచలం దగ్గర సారపాకలో ఐటీసీ, కాగజ్‌నగర్‌లో సిర్పూర్ మిల్లు మనకు దగ్గరలో ఉన్నవి. ఈ చెట్ల పీచు పొట్టిది, ఒక మిల్లీమీటరుకు అటూఇటూ. చలిదేశాల దేవదారు జాతి చెట్ల పీచు మూడు మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. పొట్టి పీచు సమంగా పరుచుకుంటుంది కాబట్టి కాగితం నున్నగా వస్తుంది, వెలుగును బాగా అడ్డుకుంటుంది. చిరుగుడుకు తట్టుకునే బలం మాత్రం తక్కువ. ఆ లోటు తీరడానికి కొన్ని రకాల్లో పొడుగు పీచు గుజ్జు కొంత కలుపుతారు.

బరువు, రీము లెక్క

జీఎస్‌ఎమ్ అంటే ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములో చెప్పే అంకె. దీన్ని నమ్మకం మీద వదిలెయ్యక్కర్లేదు, తూకం వేసి చూడొచ్చు. రీము అంటే 500 షీట్లు అయినప్పుడు సూత్రం ఇది: పొడవును వెడల్పుతో సెంటీమీటర్లలో గుణించి, దాన్ని జీఎస్‌ఎమ్‌తో గుణించి, 20,000తో భాగిస్తే రీము బరువు కిలోల్లో వస్తుంది. అంగుళాల్లో అయితే 3,100తో భాగించాలి. డబుల్ డెమ్మీ 58.5×91 సెం.మీ. షీటు 70 జీఎస్‌ఎమ్‌లో రీము 18.6 కిలోలు, 60లో 16 కిలోలు. డబుల్ క్రౌన్ 51×76 సెం.మీ. 60 జీఎస్‌ఎమ్‌లో 11.6 కిలోలు. కాగితం దుకాణాల్లో జీఎస్‌ఎమ్ చెప్పకుండా "పద్దెనిమిదిన్నర కేజీల డెమ్మీ" అంటే ఈ లెక్కే.

ఏ4 రీముకు వంటింటి తూకం చాలు. 500 షీట్లు 70 జీఎస్‌ఎమ్ అయితే 2.18 కిలోలు, 75 అయితే 2.34, 80 అయితే 2.5 కిలోలకు కాస్త తక్కువ. పై రేపరు బరువు తీసేసి చూడండి. తేమ వల్ల కొద్ది తేడా వస్తుంది. 75 అని రాసిన రీము 2.2 దగ్గర తూగితే మాత్రం అది 70 జీఎస్‌ఎమ్ కాగితం అయినా అయ్యుండాలి, షీట్లయినా తగ్గి ఉండాలి.

పుస్తకానికి ఎంత కాగితం కావాలో కూడా ముందే తేల్చుకోవచ్చు. 23×36 అంగుళాల (డబుల్ డెమ్మీ) షీటును పొడుగు నాలుగు, అడ్డం నాలుగు భాగాలు చేస్తే 16 ఆకులు, అంటే 32 పేజీలు వస్తాయి. ఆకు 5.75×9 అంగుళాలు, మూడు వైపులా కోత పోయాక 5.5×8.5 అంగుళాల డెమ్మీ 1/8 పుస్తకం. 192 పేజీల పుస్తకం వెయ్యి కాపీలకు కాపీకి 6 షీట్ల చొప్పున 6,000 షీట్లు, అంటే 12 రీములు. మిషన్ మీదా బైండింగ్‌లోనూ పోయే వాటికి ఇంకో అర రీము కలపండి. 70 జీఎస్‌ఎమ్‌లో దాదాపు 233 కిలోలు, 60లో 200 కిలోలు. తేడా 33 కిలోలు. కిలో ధరతో గుణిస్తే 60కి దిగడం వల్ల నిజంగా ఎంత మిగులుతుందో కళ్లముందుంటుంది. చాలాసార్లు అది కాపీకి కొద్ది రూపాయలే. పేజీలు 200 అయితే ఆరు షీట్లు పోగా ఎనిమిది పేజీల ముక్క మిగులుతుంది, దానికోసం వేరే ప్లేటు, వేరే ఇంపోజిషన్ (షీటు మీద పేజీల అమరిక). పేజీల సంఖ్యను 32 గుణిజంగా, వీలుకాకపోతే 16 గుణిజంగా సర్దుకోవడం కాగితం బరువు తగ్గించడం కంటే ఎక్కువ డబ్బు మిగులుస్తుంది.

మందం వేరు, బరువు వేరు

రెండు 70 జీఎస్‌ఎమ్ కాగితాల్లో ఒకటి 85 మైక్రాన్లు, ఇంకోటి 112 మైక్రాన్లు మందం ఉండొచ్చు. మందాన్ని బరువుతో భాగిస్తే వచ్చేది బల్క్. మామూలు మ్యాప్‌లితో బల్క్ 1.25 నుంచి 1.35 మధ్య ఉంటుంది. పుస్తకాలకోసమే చేసే బల్కీ రకాల్లో 1.6, ఇంకా పైన కూడా ఉంటుంది.

ఈ తేడా మిల్లులోనే పుడుతుంది. గుజ్జును రిఫైనర్‌లో ఎంత ఎక్కువ నలిపితే పీచులు అంత గట్టిగా పెనవేసుకుంటాయి. కాగితం బలంగా, గలగలలాడుతూ వస్తుంది, కానీ పల్చబడుతుంది, వెలుగు దాటిపోతుంది. తక్కువ నలిపితే లావుగా, మెత్తగా, వెలుగు దాటకుండా వస్తుంది, కానీ బలం తగ్గుతుంది. చివర్లో ఇనప రోలర్ల మధ్య నొక్కే క్యాలెండరింగ్ కూడా అంతే: నునుపు వస్తుంది, బదులుగా మందం, వెలుగును ఆపే గుణం పోతాయి. అన్ని గుణాలూ ఒకేసారి పెంచుకునే దారి లేదు. అందుకే "మంచి కాగితం" అని అడిగితే సరిపోదు, దేనికో చెప్పాలి.

పుట్ట వెడల్పు, అంటే అట్ట మీద పేరు అచ్చేసే వెన్ను భాగం, ఈ మందం మీదే ఆధారపడుతుంది. పేజీల్లో సగం ఆకులు. ఆకులను మైక్రాన్లతో గుణించి వెయ్యితో భాగిస్తే మిల్లీమీటర్లు. 192 పేజీలకు 96 ఆకులు, 91 మైక్రాన్ల కాగితమైతే 8.7 మి.మీ.; బల్క్ 1.6 ఉన్న 70 జీఎస్‌ఎమ్ అయితే 10.8 మి.మీ. అట్ట డిజైన్ చేసేవాళ్లు ఏదో అంచనాతో 8 మి.మీ. పెడితే పుట్ట మీది పేరు ముందు అట్టకో వెనక అట్టకో జారిపోతుంది. ప్రెస్‌లో అసలు వాడబోయే రీమునుంచి వంద ఆకులు తీసుకుని, గట్టిగా నొక్కి పట్టి స్కేలుతో కొలిస్తే చాలు. అది వచ్చేదాకా అట్ట ఫైలు పంపకండి.

వెనక పేజీ అక్షరాలు

పుస్తకం చదివేవాడికి అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇదే. వెలుగు దాటకుండా ఆపే గుణాన్ని ఒపాసిటీ అంటారు, శాతంలో కొలుస్తారు. మామూలుగా 60 జీఎస్‌ఎమ్ కాగితంలో 85 దగ్గర, 70లో 88 నుంచి 90, 80లో 92 దగ్గర ఉంటుంది. కాల్షియం కార్బొనేట్, టాల్క్ లాంటి ఫిల్లర్లు వెలుగును చెదరగొట్టి ఒపాసిటీ పెంచుతాయి. మరీ ఎక్కువైతే పీచుల పట్టు తగ్గి పొడి రాలుతుంది.

తెలుగు లిపికి ఇది ఇంగ్లిష్ కంటే ముఖ్యం. మన వరసల మధ్య ఖాళీ నిజంగా ఖాళీ కాదు. పైవరస వత్తులు, కిందివరస గుడులు, ఏత్వాలు అందులోకి చొచ్చుకొస్తాయి. వెనక పేజీ నీడ కూడా ఆ ఖాళీలో పడితే పేజీ అంతా మసకబారినట్టు కనిపిస్తుంది, పది నిమిషాలు చదివేసరికి కళ్లు అలసిపోతాయి. కాగితం మార్చకుండానే సగం నయం చేసే పద్ధతి ఒకటుంది. పేజీ మేకప్‌లో వరసలన్నీ ఒకే బేస్‌లైన్ గ్రిడ్ మీద కూర్చోబెట్టి, ముందు పేజీ వరస వెనకే వెనక పేజీ వరస పడేలా చూడాలి. పద్యాలకీ ఉపశీర్షికలకీ ఇచ్చే అదనపు ఖాళీని కూడా వరస ఎత్తుకు గుణిజంగానే ఇవ్వాలి. ప్రెస్‌లో ముందూవెనకా రిజిస్టర్, అంటే అచ్చు ఒకే చోట పడడం, సరిగ్గా కుదిరితే 60 జీఎస్‌ఎమ్ కూడా ఒక మెట్టు పై కాగితంలా చదివిస్తుంది.

ఇంకో తేడా గమనించాలి. వెలుగు దాటడం వల్ల కనిపించే నీడ ఒకటి, సిరాలోని నూనె కాగితంలోకి ఇంకి వెనక్కి తేలడం ఇంకొకటి. రెండోదానికి కారణం సైజింగ్ తక్కువ కావడం, లేదా మిషన్ మీద సిరా ఎక్కువ పారించడం. మందం కాగితం వేసినా అది పోదు.

సిరా పాకడం, థకారం పొట్టలో చుక్క

సైజింగ్ అంటే కాగితం నీళ్లను, సిరాను ఎంత పీల్చాలో అదుపు చెయ్యడం. గుజ్జులోనే కలిపేది ఒకటి: పూర్వం రోసిన్, పటిక, ఇప్పుడు ఎక్కువగా ఏకేడీ, ఏఎస్ఏ అనే రసాయనాలు. పైన స్టార్చ్ పట్టించేది రెండోది. పీల్చే గుణాన్ని కొలిచే పరీక్ష పేరు కాబ్. తూచిన కాగితం మీద 100 చదరపు సెంటీమీటర్ల రింగు బిగించి నీళ్లు పోసి, 60 సెకన్ల లెక్క పూర్తయ్యేసరికి పైతడి అద్ది మళ్లీ తూస్తారు. పెరిగిన గ్రాములను వందతో గుణిస్తే చదరపు మీటరుకు ఎంత పీల్చిందో వస్తుంది. రాతకీ అచ్చుకీ పనికొచ్చే కాగితాలు సాధారణంగా 20 నుంచి 30 మధ్య ఉంటాయి.

ఇంట్లో అయితే ఫౌంటెన్ పెన్ను చాలు. ఒకదాన్నొకటి దాటే గీతలు పది గీయండి. గీతల అంచులకు వెంట్రుకల్లాంటి పాయలు వస్తే సైజింగ్ చాలదు. గీతలు కలిసే చోట వెనక్కి చుక్కలు తేలితే ఆ నోట్సు ఒకవైపే పనికొస్తుంది. పిల్లలకు నోట్సులు కొనేటప్పుడు జీఎస్‌ఎమ్ కంటే ఈ పరీక్షే ఎక్కువ చెప్తుంది.

అచ్చులో దీని ఫలితం అక్షరాల పొట్టల్లో కనబడుతుంది. థకు, ధకు తేడా లోపలి చుక్క. రకు, ఠకు తేడా కూడా చుక్కే. ఎక్కువ పీల్చే క్రీమ్‌వోవ్ మీద తొమ్మిది పాయింట్ల అక్షరం వేసి, నలుపు బాగా రావాలని ఆపరేటరు సిరా పెంచితే ఆ చుక్క చుట్టూ ఖాళీ పూడుకుపోతుంది, థ ఒక నల్ల మచ్చ అవుతుంది. ఫుట్‌నోట్లు, పర్యాయపదాల పట్టికలు, సంస్కృత శ్లోకాలు ఎక్కువున్న పుస్తకాన్ని సర్ఫేస్ సైజ్డ్ కాగితం మీదే వెయ్యాలి. వీలు లేకపోతే అక్షరం ఒక పాయింటు పెంచి, గీతల మందం తక్కువున్న ఫాంటు ఎంచుకోవాలి.

స్టార్చ్ చేసే రెండో మేలు, పీచుల్నీ ఫిల్లరు పొడినీ అంటిపెట్టుకుని ఉంచడం. ఆఫ్‌సెట్ సిరా జిగట. బ్లాంకెట్ (సిరాను కాగితం మీదికి దించే రబ్బరు పట్ట) నుంచి కాగితం విడిపోయేటప్పుడు పైపీచుల్ని లాగుతుంది. పట్టు లేని కాగితమైతే ఆ పీచు బ్లాంకెట్ మీద పేరుకుని, నల్లటి పట్టీల్లో తెల్లచుక్కలు, అక్షరాల్లో తెగిన గీతలు వస్తాయి. మిషన్ ఆపి బ్లాంకెట్ కడిగితే కాసేపు బాగుంటుంది, మళ్లీ మొదలు. చవక కాగితంలో మిగిలిన డబ్బు ఇలా మిషన్ ఆగిన గంటల్లో పోతుంది. రెండు నమూనాలు పోల్చాలంటే ఒకే రకం సెల్లో టేపు ముక్కలు రెంటి మీదా ఒకేలా నొక్కి, ఒకే వేగంతో లాగి చూడండి. ఏ టేపుకి ఎక్కువ పీచు అంటుకుందో అది ప్రెస్‌లో ఎక్కువ ఏడిపిస్తుంది.

సైజింగ్ మరీ గట్టిగా ఉన్నా చిక్కే. సిరా లోపలికి దిగక పైనే ఉండిపోతుంది, దొంతరలో పై షీటు వెనక అంటుకుంటుంది. వానాకాలంలో ఇది ఇంకా ఎక్కువ. దొంతరలు తక్కువ ఎత్తులో దించుకుని, మరుసటి రోజుదాకా మడత మిషన్‌కు పంపకుండా ఉండాలి.

గ్రెయిన్

ఇది తెలిసిన ప్రచురణకర్తలు తక్కువ. పట్టించుకోకపోతే నష్టం మాత్రం ప్రతి పాఠకుడి చేతిలోనూ తెలుస్తుంది. కాగితం మిషన్ మీద గుజ్జు వేగంగా పారేటప్పుడు పీచుల్లో ఎక్కువభాగం ఆ పారే దిశలోనే పడుకుంటాయి. అదే గ్రెయిన్. తేమ తగిలితే పీచు పొడవులో దాదాపు మారదు, అడ్డంగా ఉబ్బుతుంది. అందువల్ల కాగితం గ్రెయిన్‌కు అడ్డదిశలో చాలా ఎక్కువ సాగుతుంది.

పుస్తకంలో గ్రెయిన్ పుట్టకు సమాంతరంగా ఉండాలి. అలా ఉంటే పేజీ తేలిగ్గా ఒంగుతుంది, తెరిచిన పుస్తకం తెరిచినట్టే ఉంటుంది. అడ్డంగా ఉంటే పేజీలు బిర్రుగా లేస్తాయి, వదిలితే టప్పున మూసుకుంటాయి. పుట్టకు జిగురు పెట్టి అట్ట అంటించే పర్ఫెక్ట్ బైండింగ్‌లో జిగురు తేమకు కాగితం పుట్ట పొడవునా సాగాలని చూస్తుంది, జిగురు ఆరి దాన్ని కదలనివ్వదు. ఫలితంగా పుట్ట దగ్గర అలలు వస్తాయి, కొన్నాళ్లకు పేజీలు ఊడతాయి. బైండరు తప్పేమీ లేకుండానే అతన్ని తిడతారు.

కనుక్కోవడానికి సులువైన పద్ధతి: షీటునుంచి ఒక అంగుళం వెడల్పు, ఆరంగుళాల పొడవున్న రెండు ముక్కలు, ఒకటి నిలువుగా ఇంకోటి అడ్డంగా కోసి, రెంటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి ఒక కొస పట్టుకోండి. ఎక్కువ వాలిన ముక్క గ్రెయిన్‌కు అడ్డంగా కోసినది. చింపి చూసినా తెలుస్తుంది. గ్రెయిన్ దిశలో చింపు తిన్నగా పోతుంది, అడ్డంగా చింపితే వంకర్లు పోతుంది.

ఇక షీటు సైజుతో కలిపి చూడండి. డెమ్మీ 1/8లో పేజీ ఎత్తు 9 అంగుళాలు 36 అంగుళాల వైపునుంచి వస్తుంది. కాబట్టి 36 వైపుగా గ్రెయిన్ ఉన్న లాంగ్ గ్రెయిన్ షీటు కావాలి. అదే మిషన్‌కు కూడా మంచిది, ఎందుకంటే అప్పుడు సాగుడు సిలిండరు చుట్టుకొలత దిశలో వస్తుంది, సిలిండరు మీది ప్యాకింగ్ షీట్లు మార్చి కొంత సర్దుకోవచ్చు. కానీ డబుల్ క్రౌన్ 20×30 షీటులో 7.5×10 అంగుళాల పుస్తకం తీస్తే పేజీ ఎత్తు 20 వైపునుంచి వస్తుంది, దానికి షార్ట్ గ్రెయిన్ కావాలి. అదే షీటులో 5×7.5 చిన్న పుస్తకం తీస్తే మళ్లీ లాంగ్ గ్రెయిన్. పిల్లల పుస్తకాలు, ప్రత్యేక సంచికలు ఎక్కువగా క్రౌన్ 1/4లో వస్తాయి, బిర్రుగా ఉండేవి కూడా ఎక్కువగా అవే. కాగితం ఆర్డరిచ్చేటప్పుడే పుస్తకం సైజు చెప్పి గ్రెయిన్ అడగండి; రీములు దిగాక చేసేదేమీ లేదు.

బెజవాడ ఎండ, బెజవాడ వాన

కాగితాల పరీక్షలకు ప్రామాణిక వాతావరణం 23 డిగ్రీలు, 50 శాతం తేమ. మనకు అలాంటి రోజు ఏడాదిలో ఎప్పుడో గాని రాదు. మేలో వడగాలి వీచే మధ్యాహ్నం, విప్పి ఉంచిన దొంతర అంచులు తేమ కోల్పోయి బిగుస్తాయి, మధ్యభాగం వదులుగా బుడగలా ఉంటుంది. స్టాటిక్ పుట్టి షీట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి, ఫీడరు రెండేసి షీట్లు లాగుతుంది. జూలైనుంచి నవంబరు దాకా దీనికి తలకిందులు: అంచులు తేమ పీల్చి అలలుగా లేస్తాయి, షీటును లాగే గ్రిప్పరు పట్టాక షీటు వెనక మూలల్లో మడతలు పడతాయి.

అంకెల్లో చూస్తే దీని తీవ్రత తెలుస్తుంది. 91 సెంటీమీటర్ల షీటు 0.1 శాతం సాగితే 0.9 మిల్లీమీటరు. రంగు రిజిస్టర్ పదో వంతు మిల్లీమీటరు తప్పినా కంటికి తెలుస్తుంది. సింగిల్ కలర్ మిషన్ మీద ఇవాళ ఎరుపు, రేపు నలుపు వేసే పనుల్లో ఈ తేడా కచ్చితంగా బయటపడుతుంది.

చెయ్యాల్సినవి కష్టమైనవి కావు. రీములను రేపరు విప్పకుండానే ఒకటి రెండు రోజులు ప్రెస్ గదిలో ఉంచాలి. మిషన్ మీద పెట్టేముందే విప్పాలి. భోజనానికి ఆపినా దొంతర మీద పాలిథిన్ కప్పాలి. రెండో రంగు అదే రోజు వెయ్యాలి. ఏసీ గదిలో చల్లబడిన కాగితాన్ని వానరోజున బయటికి తెచ్చి వెంటనే విప్పకూడదు; చల్లటి అంచుల మీద గాలిలోని తేమ చేరి నిమిషాల్లో అలలు లేస్తాయి. ఏ4 వాడే ఆఫీసులకూ ఇదే వర్తిస్తుంది. విప్పిన రీములో మిగిలిన కాగితాన్ని రేపరులోనే ఉంచి మూసెయ్యండి. రేపరు మీద ముందు అచ్చు వెయ్యాల్సిన వైపు బాణం గుర్తు ఉంటే దాన్ని పాటిస్తే ముడుచుకోవడం తగ్గుతుంది.

ఫోటోలు

పూత లేని కాగితం మీద ఫోటోలు వెయ్యొచ్చు, బాగా కూడా వస్తాయి. కానీ ఆర్ట్ పేపర్‌కు తయారుచేసిన ఫైలునే ఇస్తే నల్లగా ముద్దలా వస్తాయి. ఫోటోను అచ్చువేసే చిన్న సిరా చుక్క పీల్చుకుని విస్తరిస్తుంది కాబట్టి స్క్రీన్ అంగుళానికి 133, మహా అయితే 150 లైన్లు. నాలుగు రంగుల మొత్తం సిరా 300 శాతం దాటకూడదు. ఫైలును పూత లేని కాగితానికి ఉద్దేశించిన పీఎస్‌ఓ అన్‌కోటెడ్ రంగుల ప్రొఫైల్‌లోకి మార్చి, నీడల్లోని వివరం కాస్త తేల్చి ఇవ్వాలి. పాత కుటుంబ ఫోటోలు నలుపు ఒక్కదానిలో వేసేటప్పుడు మధ్య ఛాయలు ముందే తేలిక చేసి పెట్టుకుంటే నేచురల్ షేడ్ మీద చాలా హుందాగా ఉంటాయి. కాగితాన్ని వెలుగుకు ఎత్తిపట్టి చూడండి: మబ్బులు మబ్బులుగా ఉంటే పీచు సమంగా పరుచుకోలేదని అర్థం, ఫోటోల్లోని ఆకాశం కూడా అలాగే మచ్చలుగా వస్తుంది.

తెలుపు, పసుపు

మిలమిల మెరిసే తెలుపు గుజ్జులోంచి పూర్తిగా రాదు. ఆప్టికల్ బ్రైట్‌నర్లు కంటికి కనపడని అతినీలలోహిత కిరణాలను పీల్చి నీలి వెలుగుగా తిప్పిపంపుతాయి. దొంగనోట్లు చూసే యూవీ లైటు వేస్తే అలాంటి కాగితం నీలంగా వెలుగుతుంది. ఆఫీసు కాపియర్‌కు అది బాగుంటుంది. ట్యూబులైటు కింద గంటలకొద్దీ చదివే నవలకు నీలం తెలుపు మంచిది కాదు. పైగా ఎండకు బ్రైట్‌నర్ బలం తగ్గి అంచులు ముందుగా రంగు మారతాయి. సాహిత్యానికి నేచురల్ షేడే నా సలహా.

పసుపెక్కడానికి కారణాలు రెండు. యాంత్రికంగా నూరిన గుజ్జులో లిగ్నిన్ మిగిలిపోతుంది, వెలుగు తగిలితే అది గోధుమరంగుకు మారుతుంది. న్యూస్‌ప్రింట్ పసుపెక్కేది ఇందుకే. రెండోది ఆమ్లం: పటిక, రోసిన్ సైజింగ్ చేసిన కాగితంలో ఆమ్లం సెల్యులోజ్ గొలుసుల్ని తెంపుతూ పోతుంది, కాగితం రంగు మారడమే కాదు, పెళుసెక్కి మూల మడిస్తే విరుగుతుంది. లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాల్లో రెండూ పక్కపక్కనే దొరుకుతాయి. పసుపెక్కినా ఆకు ఒంగే పుస్తకాన్ని కొనుక్కోవచ్చు. మూల విరిగే పుస్తకాన్ని కొంటే ముందు స్కాన్ చేయించండి.

ఇప్పుడు కాల్షియం కార్బొనేట్ ఫిల్లరుగా వాడే క్షార పద్ధతి వచ్చాక రెండో బెడద బాగా తగ్గింది. ఆ సున్నపు పొడే ఆమ్లాన్ని విరుస్తుంది. చిరకాలం నిలవాల్సిన కాగితానికి ఐఎస్‌ఓ 9706 ప్రమాణం పీహెచ్ 7.5 నుంచి 10 మధ్య ఉండాలని, కనీసం 2 శాతం కాల్షియం కార్బొనేట్‌కు సమానమైన క్షార నిల్వ ఉండాలని అంటుంది. ఊరి చరిత్ర, నిఘంటువు, సమగ్ర రచనల సంపుటం లాంటివి వేసేవాళ్లు డీలరును ఈ రెండు అంకెలూ అడగాలి. మిల్లు పరీక్షా పత్రం ఇస్తుంది. లిగ్నిన్ సంగతి తెలుసుకోవడానికి బెజవాడ ఎండే చాలు: నమూనా మీద సగం అట్టముక్కతో కప్పి డాబా మీద మూడు రోజులు ఉంచి తీస్తే, మెకానికల్ గుజ్జు ఉన్న కాగితంలో గీత గీసినట్టు తేడా కనబడుతుంది.

పని అయ్యాక మిగిలిన రీములను మళ్లీ పాలిథిన్‌లో చుట్టి, నేలకు జానెడు ఎత్తున చెక్క పలకల మీద, గోడకు తగలకుండా పడుకోబెట్టండి, నిలబెట్టొద్దు. స్టార్చ్ ఉన్న కాగితం చెదలకూ వెండి పురుగులకూ ఇష్టం. రీము మీద మిల్లు పేరు, జీఎస్‌ఎమ్, గ్రెయిన్ దిశ రాసి ఉంచండి. ఆరు నెలల తర్వాత రెండో ముద్రణకు అదే కాగితం కావాలంటే ఆ చీటీ చూపించి అడగొచ్చు.